ఒక్క ఊపిరిలో రాసే మనిషి

మా బావ కూర్చుని భోంచేయగా చూసి చాలా కాలమైంది. ఫ్రిజ్ మీద కంచం పెట్టుకుని నిలబడే తినేవాడు. రెండు ముద్దలు తిని కిటికీ దాకా వెళ్ళేవాడు, తిరిగొచ్చి ఇంకో ముద్ద. మధ్యలో ఒకసారి బాత్రూమ్. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేవి. "కాలుగాలిన పిల్లికైనా కాసేపు నిలకడ ఉంటుందండీ" అని మా అక్క అంటే, "పిల్లికి కాలింది కాలే కదా" అని ఊరుకున్నాడు. తనకేం కాలిందో మాత్రం చెప్పడు. మా బావతో వచ్చిన చిక్కే అది.

ఆయనా నేనూ ఒకే బేకరీలో పనిచేస్తాం. వెనక ఓవెన్ దగ్గర నేను, ముందు గదిలో బల్ల దగ్గర ఆయన. కేకు చేసేది నేను, దాని మీద పేరు రాసేది ఆయన. చేతులు కాల్చుకుని నేను చేసినదాన్ని జనం ఒక్క క్షణం తేరిపార చూడరు. ఆయన రాసిన నాలుగు అక్షరాలకి మాత్రం ఫోటోల మీద ఫోటోలు. అయినా నాకు కుళ్ళు లేదు. కొంచెం ఉందేమో. కానీ ఆయన పని చూశాక ఎంత కుళ్ళుబోతైనా నోరు మూసుకోవాల్సిందే.

ఆయన పద్ధతి వేరు. క్రీమ్ సంచి చేతిలోకి తీసుకోగానే గదిలో ఫ్యాను ఆపేస్తారు. కౌంటర్ అమ్మాయి మాట ఆపేస్తుంది. ఆయన గుండెల నిండా గాలి పీల్చి, పళ్ళు బిగించి, కేకు మీదికి వంగుతాడు. ఇక పేరు పూర్తయ్యేదాకా ఊపిరి వదలడు. చెయ్యి ఎక్కడా ఆగదు, గీత ఎక్కడా వణకదు. చివరి అక్షరానికి తోక తిప్పి, వెనక్కి జరిగి "హుఫ్" అంటాడు. అప్పుడు గదిలో అందరం "హుఫ్" అంటాం. ఎందుకంటే ఆయనతోపాటు మేమూ బిగబట్టి ఉంటాం. కొత్తగా చేరినవాళ్ళు రెండు రోజులు నవ్వుకుంటారు, మూడో రోజు నుంచి వాళ్ళూ బిగబడతారు. ఆయనకి 'ఒక్క ఊపిరి' అని పేరు పెట్టింది మా ఓనరు. ఆ పేరు చెప్పుకునే వ్యాపారం చేసుకున్నాడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒక ఊపిరికి ఎన్ని అక్షరాలు పడతాయో అన్నే రాస్తాడు. ఎవరైనా పొడుగు పేరు చెబితే, "ఇంట్లో ముద్దుగా ఏమని పిలుస్తారండీ?" అని అడుగుతాడు. ముద్దుపేరు లేకపోతే అక్కడికక్కడే తనే ఒకటి పెట్టేస్తాడు. అలా ఊళ్ళో ఎంతమంది పేర్లు కత్తిరించాడో లెక్కలేదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి, మా బావ కేకు మీద పెట్టిన పేరు ఒకటి.

అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది మా అక్కకే. ఆమెకి మా అమ్మమ్మ పేరూ నానమ్మ పేరూ కలిపి పెట్టారు. రెండు వైపులా తగవు రాకుండా మా నాన్న చేసిన రాజీ అది. పెళ్ళిరోజు వస్తే బావ చిన్న కేకు మీద సగం పేరే రాసి తెచ్చేవాడు. "మా అమ్మమ్మని రాశారు సరే, నానమ్మ మీకేం అపకారం చేసిందండీ?" అని అక్క ఏటా అడిగేది. "ఆవిడకి ఊపిరి చాల్లేదే" అని ఆయన ఏటా నవ్వేవాడు. ఇద్దరూ కూర్చుని కేకు తినేవాళ్ళు. కూర్చుని తినే రోజులవి.

తర్వాత ఆయనకి నొప్పి మొదలైంది. ఎక్కడంటే చెప్పడు. "కింద" అంటాడు. "కింద అంటే పాదమా?" అని అడిగితే చెప్పుతో కొట్టినట్టు చూస్తాడు. చివరికి నాకు అర్థమైంది ఏమిటంటే, కూర్చునే చోట, రెండు తొడల మధ్య, లోపలెక్కడో పట్టేసినట్టు ఉంటోంది. బస్సులో సీటు దొరికినా నిలబడతాడు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చిన మరుక్షణమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే ఏమీ రాదు. బేకరీలో కుర్రకారు జోకులు వేశారు. ఆయన నవ్వలేదు. నేను ఒకడి చెవి మెలిపెట్టాను.

మొదటి డాక్టరు ఇన్ఫెక్షనన్నాడు, మాత్రలిచ్చాడు. అవి అయిపోయాయి, నొప్పి అలాగే ఉంది. రెండో డాక్టరు స్కాన్ తీయించి, "నిక్షేపంగా ఉన్నారు, మీకేమీ లేదు" అన్నాడు. ఆ మాటకి బావ ఇంటికొచ్చి గోడని గుద్దాడు. "ఏమీ లేకపోతే నేనెందుకు కూర్చోలేకపోతున్నాన్రా? నేను నటిస్తున్నానా?" అన్నాడు. ఏమీ లేదని చెప్పించుకోవడం కంటే ఏదో ఒక రోగం పేరు వినడమే నయమనుకునే స్థితికి వచ్చేశాడు. నాకు ఆ డాక్టరు మీద ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, మా చిన్నాన్న దిగాడు. ఆయనకి ఆ మధ్య ఏదో ఆపరేషన్ అయింది. తర్వాత కింది కండరాలు బిగించే వ్యాయామం నేర్పారట, అద్భుతంగా పనిచేసిందట. తనకి పనికొచ్చిన మందు లోకమంతా పంచకపోతే ఆయనకి నిద్ర పట్టదు. బావని బాల్కనీలోకి లాక్కెళ్ళి, "అల్లుడూ, అంతా వదులైపోవడం వల్లే. మూత్రం ఆపుకున్నట్టు బిగించు, పట్టుకో, ఇంకా పట్టుకో. ఎవరికీ తెలీదు, ఎక్కడైనా చెయ్యొచ్చు" అని చెప్పాడు.

మా బావ ఏ పనైనా మొదలుపెట్టాడంటే అంతు చూడాల్సిందే. బస్టాపులో బిగించాడు, లిఫ్టులో బిగించాడు, కేకు మీద పేరు రాస్తూ బిగించాడు. మొహం చూస్తే నాకు తెలిసిపోయేది, కనుబొమలు దగ్గరికొచ్చేవి. ఎంత బిగిస్తే అంత నొప్పి, ఎంత నొప్పి అయితే అంత బిగింపు. ఒకరోజు పని మధ్యలో క్రీమ్ సంచి బల్ల మీద పెట్టేసి గోడకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. చిన్నాన్నకి ఫోన్ చేస్తే, "సరిపడా చెయ్యట్లేదన్నమాట" అన్నాడు.

ఆ వారంలోనే అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఒరేయ్, నిజం చెప్పు. మీ బావకి నా మీద మనసు పోయిందా?"

"పిచ్చి పట్టిందా నీకు?"

"పక్క మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచిపోతున్నార్రా. హాల్లో అటూ ఇటూ తిరుగుతారు. ఏమైందంటే ఏం లేదంటారు. మనసులో ఏదో ఉండబట్టే కదా? ఆయన మీద కోపం కూడా రావట్లేదు, భయమేస్తోంది."

ఆమె ఏడవలేదు. పొయ్యి మీద గిన్నె దించి మళ్ళీ అదే పొయ్యి మీద పెట్టింది. నాకు మా బావ మీద పట్టరాని కోపం వచ్చింది. నోరు విప్పితే ఒక్క మాటతో తీరిపోయే భయం. ఆయనేమో పళ్ళు బిగించి తిరుగుతున్నాడు.

మర్నాడు ఆయన్ని మూడో డాక్టరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ముసలాయన. కాగితాలన్నీ పక్కన పెట్టి, చెప్పిందంతా విని, పరీక్ష చేసి, "ప్రోస్టేట్ గ్రంథి కాదు బాబూ, కండరం. పట్టేసింది. మందుల షాపుకి కాదు, ఫిజియోథెరపీకి వెళ్ళండి" అని చీటీ రాసిచ్చాడు. మెట్లు దిగుతూ బావ గొణిగాడు: "ఫిజియోథెరపీ మోకాలికి కదరా? దీనికేం చేస్తారు?" ఆలోచించుకుని, పాలిపోయిన మొహంతో ఆగిపోయాడు.

చెప్పుల షాపు పైన రెండు గదుల క్లినిక్కు. మంచం, తెర, నాలుగు దిండ్లు, రబ్బరు బంతులు. ఫిజియో మేడం మా అక్క వయసు మనిషి, మొహమాటం లేని గొంతు. కూర్చోమంటే బావ నిలబడ్డాడు. ఆవిడ కూడా లేచి నిలబడింది. "సరే, నిలబడే మాట్లాడుకుందాం" అంది. అక్కడే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

"నడుం కింద గిన్నెలా కొన్ని కండరాలుంటాయి. పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాన్ని ఆపేవీ వదిలేవీ అవే. కూర్చుంటే బరువు మోసేవీ అవే. ఇప్పుడు గుప్పెట బిగించండి సార్."

బావ బిగించాడు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, పని గురించి, నిద్ర గురించి, నీళ్ళు తాగడం గురించి. ఆయన గుప్పెట విప్పలేదు. వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఇప్పుడు ఇంకా బిగించండి."

"ఇప్పటికే బిగిసుంది కదండీ, ఇంకెక్కడ బిగించను? చెయ్యి లాగేస్తోంది."

"మీ కింది కండరాలు కూడా ఇదే మాట చెప్తున్నాయి. మీరు వినట్లేదు. వాటిని బిగించమని ఎవరు చెప్పారు?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. చిన్నాన్న సంగతి చెబితే ఆవిడ నవ్వింది. "ఆయనకి వదులైంది, ఆయనకి అది మందే. మీకు బిగిసింది. ఈ రోజు నుంచి ఆ వ్యాయామం బంద్." తర్వాత, "అసలు మీరు చేసే పనేంటో ఒకసారి చూపించండి" అని చేతికి పెన్నిచ్చింది.

బావ మొహం వెలిగింది. బల్ల మీదికి వంగి, గాలి పీల్చి, పెన్నుని క్రీమ్ సంచిలా పట్టుకుని కాగితం మీద ఆవిడ పేరు రాయడం మొదలుపెట్టాడు. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను. ఆవిడ చెయ్యి చాచి ఆయన పొట్ట మీద పెట్టింది, తర్వాత దవడ మీద. ఆయన ఆగలేదు. రాయడం అయ్యాక "హుఫ్" అన్నాడు.

"ఇలా రోజుకి ఎన్నిసార్లు?"

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇదే పనండీ."

"పైన ఊపిరి ఆపితే కింద గిన్నె కూడా బిగుసుకుంటుంది సార్. రెండూ కలిసే కదులుతాయి. మీరు రాసింది చేత్తో కాదు, కింది నుంచి పైదాకా ఒళ్ళంతా బిగించి రాశారు. ఇన్నేళ్ళుగా."

ఆయన కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ పేరు ముత్యాల్లా ఉంది.

తర్వాత నన్ను బయటికి పంపారు. లోపల ఏం జరిగిందో బావ ఇంటికెళ్ళే దారిలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో ముందే చెప్పి, సరేనన్నాకే గ్లౌజు తొడుక్కుందట. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేస్తానందట. లోపలి కండరంలో ముడులు వేలికి తగిలాయట. ఒక ముడి మీద మెల్లగా నొక్కి పట్టి, గాలి వదలమందట. "సిగ్గుతో సగం చచ్చాన్రా. కానీ అది నొక్కగానే, ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేని నొప్పి అక్కడే, సరిగ్గా అక్కడే దొరికింది. 'ఇదేనా?' అంది. ఏడుపొచ్చింది." నడిరోడ్డు మీద అది చెప్పి, కళ్ళు తుడుచుకుని, "మీ అక్కకి చెప్పకు" అన్నాడు.

"ఎందుకు చెప్పను? నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను. నీకు తన మీద మనసు పోయిందనుకుంటోంది అక్క."

ఆయన రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు. వెనక స్కూటరువాడు తిట్టాడు. ఆ సాయంత్రం బావ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఏం చెప్పాడో నాకు తెలీదు. బయటికొచ్చాక అక్క ఒక దిండు తెచ్చి నేల మీద వేసింది. "ఆ మేడం పడుకోమన్న తీరులో పడుకోండి, చూస్తాను" అంది.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకున్నాను. మా బావని తక్కువ అంచనా వేశాను. వెల్లకిలా పడుకుని, కాళ్ళు కుర్చీ మీద పెట్టి, పొత్తికడుపు దాకా గాలి నింపి, కింద అంతా వదులుగా జారనివ్వాలి. అంతే పని. ఆ పని ఆయన వల్ల కాలేదు. పడుకోగానే లేచేవాడు. "ఫ్యాను చప్పుడు చేస్తోంది" అనేవాడు, "కుళాయి కారుతోంది" అనేవాడు. "ఊరికే పడుండటం కూడా ఒక పనేనా?" అని విసుక్కునేవాడు. మళ్ళీ పడుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి వదులవడానికి ప్రయత్నించేవాడు. మేడం చూసి, "మీరు విశ్రాంతి కూడా బిగబట్టి తీసుకుంటున్నారు సార్" అంది. బాత్రూమ్‌కి కూడా, ముందుజాగ్రత్తగా ఒకసారి వెళ్ళొద్దాం అనుకోవడం మానేయమంది. వెళ్ళాలనిపించినా నిలబడి నాలుగు సార్లు నిదానంగా గాలి వదిలి, ఆ తొందర తగ్గుతుందేమో చూడమంది. అదొక యుద్ధం. ఇల్లంతా ఆ యుద్ధంలోనే ఉన్నాం.

అయినా మెల్లగా తేడా వచ్చింది. ఒకరోజు బస్సులో కూర్చున్నాడు. రెండు స్టాపులకే లేచాడనుకోండి, కానీ కూర్చున్నాడు. ఆ వార్త అక్క చిన్నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పింది, కొంచెం కసిగానే.

చిక్కల్లా బేకరీలోనే. ఊపిరి వదులుతూ రాయమని మేడం చెప్పింది. రాశాడు. మూడో అక్షరం దగ్గర పొట్ట కదిలింది, చెయ్యి కదిలింది, సున్నా కాస్తా గుమ్మడికాయైంది. కేకు కోసం వచ్చినావిడ చూసి, "ఒక్క ఊపిరాయన సెలవా ఇవాళ?" అంది. ఓనరు ఆ మధ్యాహ్నమంతా బావ బల్ల వంకే చూస్తూ తిరిగాడు. మర్నాటి నుంచి బావ మళ్ళీ పళ్ళు బిగించాడు. గీతలు ముత్యాలయ్యాయి. వారం తిరక్కుండా కంచం మళ్ళీ ఫ్రిజ్ మీదికెక్కింది.

"చెయ్యి కావాలంటే ఒళ్ళు పోతోంది, ఒళ్ళు కావాలంటే చెయ్యి పోతోంది" అన్నాడు బేకరీ వెనక గోడ దగ్గర నిలబడి. "ఈ చెయ్యి పోతే నేనెవర్నిరా? ఎవడైనా రాస్తాడు పేర్లు. ఒక్క ఊపిరిలో రాస్తాను కాబట్టే నేను నేను."

నాకు జాలేసింది, దాంతో కోపం వచ్చింది. "అయితే ఆ ఊపిరితోనే పో" అని ఓవెన్ దగ్గరికి వచ్చేశాను. సాయంత్రం ఈ మాటలన్నీ అక్కకి చెప్పాను. "ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకునైనా బతకొచ్చు. ఈయనకి ఆ ఊపిరి తీసుకోవడమే నామోషీ అయిపోయింది" అంది.

ఆ నెలలోనే పెళ్ళిరోజు వచ్చింది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ అక్క క్యారేజీ పట్టుకుని బేకరీకి వచ్చింది. బావ చిన్న కేకు ముందు పెట్టుకున్నాడు. ఎప్పటిలాగే ఫ్యాను ఆగింది. కౌంటర్ అమ్మాయి మాట ఆపింది. నేను పిండి చేతులతో గుమ్మంలో నిలబడ్డాను. బావ గాలి పీల్చి వంగాడు. అక్క కూడా గాలి పీల్చి, పెదాలు బిగించి, అలాగే నిలబడిపోయింది.

బావ తలెత్తి ఆమెని చూశాడు. ఆమె భుజాలు పైకి లేచి ఉన్నాయి, మెడ నరం ఉబ్బి ఉంది, పిడికిలి బిగుసుకుని ఉంది. ఆయన అలా ఎంతసేపు చూశాడో. ఇన్నేళ్ళలో రాస్తున్నప్పుడు ఆయన మా మొహాలు ఎప్పుడు చూశాడు గనక? చూపు ఎప్పుడూ కేకు మీదే.

"నువ్వెందుకు బిగబట్టావే?" అన్నాడు.

"మీకు చెయ్యి కదులుతుందని."

"ఎప్పటినుంచి?"

"పెళ్ళైనప్పటినుంచి" అంది అక్క, అదేదో తెలియని సంగతన్నట్టు అడిగినందుకు విసుగ్గా.

బావ క్రీమ్ సంచి కింద పెట్టాడు. "ఫ్యాను వెయ్యండి" అన్నాడు. కౌంటర్ పక్కనున్న స్టూలు లాక్కుని, మేడం చెప్పినట్టు పాదాలు ఎడంగా పెట్టి, మెల్లగా దాని మీద కూర్చున్నాడు. కూర్చుని కేకు మీద రాయడం మా బేకరీలో ఎవరం చూడలేదు. "ఎవరూ ఊపిరి ఆపొద్దు. మాట్లాడుతూ ఉండండి. నువ్వు మాట్లాడవే."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. నన్ను తిట్టు."

అది మా అక్కకి కష్టమైన పనేం కాదు. ఫ్రిజ్ మీద కంచం మరకల దగ్గర మొదలుపెట్టింది. బావ ఒక అక్షరం రాశాడు, గాలి వదిలాడు, క్రీమ్ సంచి ఎత్తాడు, గాలి తీసుకున్నాడు, ఇంకో అక్షరం రాశాడు. అక్క చిన్నాన్న మాట విన్నందుకు తిట్టింది, గోడని గుద్దినందుకు తిట్టింది, ఇంటి సంగతి బయటివాళ్ళతో ముందు చెప్పుకున్నందుకు తిట్టింది. ఇంకో అక్షరం, ఇంకో అక్షరం. మా అమ్మమ్మ పేరు అయిపోయింది. ఆయన ఆగలేదు. అది ముందు చూసింది నేనే.

"...చెయ్యి వేస్తే లేచి వెళ్ళిపోయారు. రోజూ. ఈ మనిషికి నేనక్కర్లేదు కాబోలనుకున్నాను" అంది అక్క. తిట్టే గొంతుతోనే మొదలుపెట్టింది కానీ చివరికి గొంతు పలచబడిపోయింది.

బావ చెయ్యి వణికింది. నానమ్మ పేరులో మధ్య అక్షరం పక్కకి ఒరిగిపోయింది. గీకి మళ్ళీ రాస్తాడనుకున్నాను. చిన్న కత్తి ఆయన చేతి పక్కనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఒక పొడుగాటి ఊపిరి వదిలి, మిగిలిన అక్షరాలు రాసి, కేకు పెట్టిన పీటని అక్క వైపు తిప్పాడు.

అక్క తన పేరు మొత్తం చదువుకుంది. అంచు నుంచి అంచు దాకా ఉంది, చివరికొచ్చేసరికి చోటు చాలక కొంచెం కిందికి దిగింది.

"ఇదేంటండీ, ఇక్కడ వంకరగా వచ్చింది" అంది, ఒరిగిన అక్షరం మీద వేలు పెట్టకుండా వేలు చూపిస్తూ.

"అక్కడ నువ్వు మాట్లాడావు" అన్నాడు బావ, స్టూలు మీంచి లేవకుండానే.

కేకు కోసినప్పుడు ఆ ముక్క ఎవరికీ ఇవ్వలేదు అక్క. ఇంకో స్టూలు తెచ్చుకుని, ఆయన పక్కన కూర్చుని, తనే తింది.